బోర్డు మీద ఎనభై ఒకటి

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నెరిసిన మీసమైనా ఉండాలి. నా 'ఆ రోజులు' రెండు మూడేళ్ళ కిందటివే. అయినా ఆ ముక్క రాసుకునే హక్కు నాకుందనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ ఎన్నికలకు ముందున్న నేనూ ఆ తర్వాత మిగిలిన నేనూ ఒకే మనిషినంటే నాకే నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. తెలియనిది ఏదన్నా ఉంటే దానికి ఫోన్లో ఒక శాతం ఉండేది. ఇప్పుడు నాకు కచ్చితంగా తెలిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలోనూ సగం అనుమానమే. (జుట్టు కూడా ఇంచుమించు అదే లెక్కన తగ్గింది. మా అమ్మ మాత్రం అది కతార్ నీళ్ళ వల్లే అంటుంది.)

మాది కృష్ణా జిల్లా. ఇంజనీరింగ్ అయి, ఊళ్ళో రెండేళ్ళు ఖాళీగా తిరిగి, కతార్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరాను. పేరు వింటే పెద్ద అధికారం అనిపిస్తుంది గానీ, వచ్చిన కాగితానికి నంబరు వేసి ఫైల్లో పెట్టడం, అడిగినప్పుడు అది దొరక్క తల గోక్కోవడం, అంతే నా ఉద్యోగం. కంపెనీ ఆఫీసు రాజధాని నడిబొడ్డున ముషైరిబ్‌లో, అద్దాల మేడలో. నన్ను మాత్రం దేశానికి ఉత్తరపు కొసన, మదీనత్ అల్ షమాల్ సైటుకు వేశారు. అక్కడ ఒక స్కూలు కడుతున్నాం. రేకుల గదిలో ఆఫీసు, పక్కనే క్యాంప్. క్యాంప్‌లో మన తెలుగువాళ్ళు ముప్ఫై మంది దాకా ఉండేవారు. ఒకరు వచ్చి ఇంకొకర్ని పిలిపించుకుంటూ పోవడం వల్ల, దాదాపు అందరిదీ ఉత్తర తెలంగాణలో ఒకే అసెంబ్లీ నియోజకవర్గం. వాళ్ళందరికీ పెద్దదిక్కు, కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే ఒక షట్టరింగ్ కార్పెంటర్. అందరూ ఆయన్ని కాకా అనేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. పదిహేనేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్న మనిషి. వచ్చే వేసవిలో కాంట్రాక్టు అయిపోతుంది, ఇక ఇంటికి వెళ్ళిపోతానని కనపడిన వాడికల్లా చెప్పేవాడు.

కాకా భార్య వాళ్ళ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. (ఆవిణ్ణి నేను పిన్ని అనేవాణ్ణి, ఆవిడ నన్ను బిడ్డా అనేది. మా పరిచయం ఇప్పటికీ ఫోన్లోనే.) రోజూ పిల్లలు తిని లేచాక ఫోన్ చేసేది. కాకా మా ఆఫీసు గది నీడలో కూర్చుని స్పీకర్ పెట్టేవాడు. ఇవాళ ఎంతమంది తిన్నారు, గుడ్డు ఇచ్చిన రోజైతే ఎవడు రెండోది దొంగిలించాడు, పప్పు మాడిందని హెడ్‌మాస్టరు ఏమన్నాడు, దానికి తను ఏమని తిప్పికొట్టింది, అన్నీ చెప్పేది. ఆవిడకు వచ్చే జీతం చిన్నదే. కానీ ఇల్లు దానితో గడుస్తుంది కాబట్టే, "నువ్వు అచ్చెయ్, దొరికిన పని చేస్కుందువు" అని మొగుణ్ణి పిలవగలిగింది. ఆ ఒక్క మాట పట్టుకునే కాకా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

అంతలో రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఓటుతో పనేముంది అనుకుంటారు. ఓటు వేయలేడు నిజమే, కానీ చేతిలో ఫోన్ ఉంది. క్యాంప్‌లో ఒక్కొక్కరి చేతిలో నాలుగు నుంచి పది ఓట్లుండేవి. పెళ్ళాం, అమ్మ, నాయన, తమ్ముడు, మరదలు. ఫోన్ చేసి ఫలానా ఆయనకు వేయండి అంటే వేస్తారని వీళ్ళ నమ్మకం. (వేశారో లేదో ఆ మెషీనుకే తెలియాలి.) ఈ సంగతి నాయకులకూ తెలుసు కాబట్టి వీడియో కాల్స్ మొదలయ్యాయి. మళ్ళీ పోటీకి దిగిన పాత ఎమ్మెల్యే ఒకసారి ఫోన్లోంచే గదంతటికీ నమస్కారం పెట్టాడు. ఫోన్ పట్టుకున్నవాడు ఆయన్ని మంచాల వరసల మీదుగా తిప్పుతుంటే, పై మంచం మీద చొక్కా లేకుండా పడుకున్న ఒక నేపాలీకి కూడా ఆయన మీ వాడకు సిమెంటు రోడ్డు వేయిస్తానని మాటిచ్చాడు. మరుసటి వారం ఆయన మీద పోటీ చేస్తున్న కొత్తాయన కాల్ చేసి, అదే నేపాలీని పెద్దమనిషీ అని పిలిచాడు.

ఇక్కడ ప్రవేశించాను నేను. నాకు అప్పట్లో ఒక వెబ్‌సైటు పిచ్చి ఉండేది. జరగబోయే సంగతుల మీద పందెం కాసే సైటు అది. డబ్బుతో పందెం అంటే ఈ దేశంలో జైలే, నాకూ అంత గుండె లేదు. ఇది ఉత్తుత్తి పాయింట్ల ఆట. ఎవరైనా ఒక ప్రశ్న పెట్టొచ్చు. ఫలానా ఆయన గెలుస్తాడా అని ప్రశ్న పెడితే, గెలుస్తాడనేవాళ్ళు 'అవును' వైపు పాయింట్లు పెడతారు, గెలవడనేవాళ్ళు 'కాదు' వైపు. యాభై దగ్గర మొదలయ్యే అంకె ఎటు ఎక్కువ పెడితే అటు జరుగుతుంది. ఆ అంకే గెలిచే అవకాశం. రాష్ట్రంలో ఎవరి ప్రభుత్వం వస్తుందన్న పెద్ద ప్రశ్న మీద వేలమంది ఆడుతున్నారు. మా క్యాంప్‌వాళ్ళ నియోజకవర్గం గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని నేనే ప్రశ్న పెట్టాను: కొత్తాయన గెలుస్తాడా? ఫోన్లో ఎక్కడో ఒక వార్త చదివి, ఆయన సభకు జనం బాగా వచ్చారని ఉంటే, 'అవును' మీద ఓ యాభై పాయింట్లు పెట్టాను. అంకె యాభై ఎనిమిదికి వెళ్ళింది. నా ఒళ్ళు పొంగిపోయింది, లోకం నాతో ఏకీభవించినట్టు.

మర్నాడు పొద్దున ఆ అంకెను ఆఫీసు తెల్లబోర్డు మీద రాశాను. 'ప్రమాదం జరగని రోజులు: 112' అని ఉన్నచోట, దాని కిందే 'కొత్తాయన: 58' అని. (మా ఫిలిప్పీన్స్ సేఫ్టీ ఆఫీసర్ అది గాలిలో తేమ శాతం అనుకుని వారం రోజులు రిపోర్టులో రాసుకున్నాడు.) లంచ్ టైముకల్లా బోర్డు ముందు గుంపు చేరింది. ఇది ఏంటని అడిగితే వివరించాను. వినీ వినగానే పాత ఎమ్మెల్యే అభిమాని ఒకడు, "గట్లయితె మా సారుకు నలభై రెండు. ముప్పై అయిదుకు పాసే గద!" అన్నాడు. ఇంకొకడు, "పాసే గని ఫస్ట్ క్లాస్ ఇద్దరికి రాలే" అని తీర్పిచ్చాడు. ఇవి మార్కులు కావురా బాబూ, ఎన్నిక వందసార్లు జరిగితే యాభై ఎనిమిదిసార్లు కొత్తాయన గెలుస్తాడని అర్థం అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. అప్పుడు కాకా నెమ్మదిగా అడిగాడు.

"వందసార్లు ఎట్ల జరుగుతది తమ్మీ? అయిదేండ్లకు ఒక్కసారె గద. అయిదు వందల ఏండ్లు ఎవ్వలు చూడాలె?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాపం చదువుకోని మనిషి అని.

ఆ తర్వాత నా కాళ్ళు నేల మీద లేవు. నాకొక పేరు వచ్చింది: 'పర్సెంట్ సార్'. కాంక్రీటు పోసేవాళ్ళు కూడా పై అంతస్తునుంచి "సార్, ఇయ్యాల ఎంతున్నది?" అని కేకేసేవాళ్ళు. యాభై ఎనిమిది అరవై మూడైంది. అరే, పెరుగుతోంది, నేను చెప్పింది నిజమే అని ఇంకొన్ని పాయింట్లు పెట్టేవాణ్ణి. అరవై ఏడయ్యేది. చూశారా, మళ్ళీ పెరిగింది అని బోర్డు మీద దిద్దేవాణ్ణి. నా పాయింట్లు అయిపోతే మా అమ్మ పేరు మీద ఇంకో అకౌంటు తెరిచాను. (మా అమ్మకు ఆ నియోజకవర్గం ఎక్కడుందో కూడా తెలియదు, అయినా కొత్తాయన గెలుపు మీద ఆవిడకు గట్టి నమ్మకం ఏర్పడింది.) అంకె డెబ్బై నాలుగు, డెబ్బై ఎనిమిది, ఎనభై ఒకటి. మొదట్లో "మా దిక్కు పాత సారే" అని గట్టిగా అన్నవాళ్ళు ఒక్కొక్కరే మెత్తబడ్డారు. "ఏమో మల్ల, ఆడ జనం మారిన్రు గావొచ్చు" అని, ఇంటికి ఫోన్లు చేసి ఓట్లు ఇటు తిప్పడం మొదలుపెట్టారు. నాకు గర్వంతో చొక్కా బిగుతైంది.

పోలింగ్‌కు ఇంకో రెండు వారాలు ఉందనగా, కాకా ఆఫీసు గదిలోకి వచ్చి హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ ఊళ్ళో కొత్తాయన మనుషులు పిన్ని దగ్గరికి వచ్చారట. శనివారం సభకు వచ్చి కండువా వేసుకుంటే బడి వంట నీకే ఉంటుంది, రాకపోతే గెలిచాక మాట్లాడదాం అన్నారట. ఆవిణ్ణి ఆ పనిలో పెట్టించింది పాత ఎమ్మెల్యే మనుషులు. వెళ్తే వీళ్ళకు కోపం, వెళ్ళకపోతే వాళ్ళకు కోపం. "నాకేం సమజైతలేదు తమ్మీ. నువ్వు సదువుకున్నోనివి. గెలిచేదెవ్వలో నువ్వు చెప్తె, దాన్ని గటే నిలవడుమంట" అన్నాడు. అని, స్పీకర్ పెట్టి పిన్నికి కలిపాడు.

"బిడ్డా, మంచిగున్నవా? తిన్నవా?"

"తిన్నాను పిన్నీ."

"దుబాయ్‌ల కూసొని మా ఊరి ముచ్చట నీకెట్ల ఎరుకైతది బిడ్డా?"

"దుబాయ్ కాదు పిన్నీ, కతార్."

"ఏదైతేంది. మా వాడకట్టుల కొత్తాయనకు ఏస్తమన్నోల్లు నాకైతె ఒక్కలు కండ్లవడలే. బోరింగు కాడ అడిగిన, బీడీల కార్ఖాన్ల అడిగిన. గా లెక్క ఎంతమందిని అడిగి చెప్పిన్రు?"

నాకు కొంచెం రోషం వచ్చిన మాట నిజం. బోరింగు దగ్గర పదిమందిని అడిగి నా అంకెను ప్రశ్నిస్తుందా అనిపించింది. పెద్ద ప్రశ్న మీద ఆడేవాళ్ళు మనసులో మెదిలారు. "వేలమంది పిన్నీ" అన్నాను.

అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది. తర్వాత, "అంతమంది చెప్తున్నరంటె నా కండ్లే మంచిగ కనవడ్తలెవ్వేమో. సరే బిడ్డా, పోత" అంది. ఎనభై ఒకటి అంటే వందలో పందొమ్మిదిసార్లు ఓడిపోతాడని కూడా నేను చెప్పలేదు. అడగలేదు కదా అని ఇప్పుడు తప్పించుకోవచ్చు గానీ, అడిగినా చెప్పేవాణ్ణి కాదు. ఆ క్షణాన నేను ఆవిడకు ఉపకారం చేస్తున్నానని నిజంగానే నమ్మాను. శనివారం సాయంత్రం ఫోటో వచ్చింది. వేదిక కింద ఆడవాళ్ళ వరసలో పిన్ని, మెడలో కొత్త కండువా, ఎటు చూడాలో తెలియక పక్కకు చూస్తూ. ఆవిడ ముఖం చూడటం అదే మొదలు.

ఆ తర్వాతి శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక, నగరంలో ఐన్ ఖాలిద్ వైపు ఉండే మా చర్చి బ్రదర్ గారింటికి భోజనానికి వెళ్ళాను. ఆయన గోదావరి జిల్లా మనిషి, మా కంపెనీలోనే క్వాంటిటీ సర్వేయరు, నాకు ఉద్యోగం ఇప్పించిన పెద్ద. నెలకు నాలుగైదుసార్లు కొలతలకని మా సైటుకు వచ్చిపోతుండేవాడు. భోజనాల దగ్గర ఆయన నవ్వుతూ, "మీ సైటు పుణ్యమా అని నేనూ మొదలుపెట్టాను బ్రదర్, ఆ పాయింట్ల ఆట. మీ కొత్తాయన మీద బాగా పెట్టేశాను" అన్నాడు.

"మీకెలా తెలిసిందండీ ఆయన గెలుస్తాడని?" అని అడిగాను. ఇంకొక తెలివైనవాడు నాతో ఏకీభవించాడని ఆనందం.

"నాకేం తెలుసు బ్రదర్? మీ బోర్డు చూశాను. ఆ క్యాంప్‌లో అందరూ ఆ ఊళ్ళవాళ్ళే కదా, లోపలి సంగతి తెలిసి రాస్తున్నారనుకున్నాను. మీ బోర్డు మీద అంకె పెరిగినప్పుడల్లా నేనూ ఇంకాస్త పెట్టాను."

చేయి కూడా కడుక్కోకుండా ఎడమచేత్తో ఫోన్ తీసి, ఆ పేజీలో ఇన్నాళ్ళూ చూడని మూల చూశాను. ఎంతమంది ఆడుతున్నారో అక్కడ రాసి ఉంటుంది. నలుగురు. ఒకణ్ణి నేను. ఒకరు మా అమ్మ. ఒకరు నా ఎదురుగా గోంగూర కలుపుకుంటున్న బ్రదర్ గారు. నాలుగోది ఆ వెబ్‌సైటులో తనంతట తానే ఆడే ఒక కంప్యూటర్ రోబో, అంకె ఎటు పెరిగితే అటే కొనడం దాని పని. నేను సైటును చూసి బోర్డు మీద రాశాను, బ్రదర్ గారు బోర్డును చూసి సైటులో పెట్టారు, రోబో మా ఇద్దర్నీ చూసింది, మా ముగ్గుర్నీ చూసి నేను ఇంకా నమ్మాను. నిజంగా ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళు ముప్ఫై మంది నా బోర్డు ముందు నిలబడి, తమకు తెలిసింది తప్పనుకుని వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక్కణ్ణి నేను 'మీ ఊళ్ళో ఏమనుకుంటున్నారు?' అని అడగలేదు. "బిర్యానీ వేసుకో బ్రదర్, ఏం తినట్లేదు" అని వాళ్ళావిడ వడ్డిస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందనుకుని ఆవిడ పెరుగు తెచ్చింది.

షమాల్ వెళ్ళే బస్సులో దారి పొడవునా కాకాకు ఎలా చెప్పాలో సాధన చేసుకున్నాను. క్యాంప్‌లో దిగేసరికి ఆయన బట్టలు ఆరేస్తున్నాడు. "కాకా, ఆ అంకె... అంత నమ్మడానికి లేదేమో" అన్నాను.

"ఎంతకు దిగింది?"

ఆడింది నలుగురే, అందులో ఇద్దరం నేనే అని చెప్పాలి. "అరవై... దాకా" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "అరవై అంటె ఫస్ట్ క్లాసే గద తమ్మీ. ఫికర్ జెయ్యకు" అని నా భుజం తట్టాడు. చూడండి, ఆయన నాకు ధైర్యం చెప్పాడు. నేను వెళ్ళి మంచం మీద బోర్లా పడుకున్నాను. మర్నాడు బోర్డు తుడిచేశాను. అంకె కనపడకపోయేసరికి సైటంతా, ఇంక చూడక్కర్లేనంతగా ఖాయమైపోయిందని చెప్పుకున్నారు.

లెక్కింపు ఆదివారం, మాకు డ్యూటీ రోజు. మొదటి రౌండు నుంచే పాత ఎమ్మెల్యే ముందున్నాడు. పదకొండు గంటలకల్లా అవతలివాళ్ళు లెక్కింపు హాల్లోంచి వెళ్ళిపోయారని వార్త. బోరింగు దగ్గర పదిమంది చెప్పింది చెప్పినట్టు జరిగింది. ప్రశ్న పెట్టినవాణ్ణి నేనే కాబట్టి, జవాబు నొక్కాల్సిందీ నేనేనని వెబ్‌సైటు గుర్తుచేసింది. 'కాదు' అని నొక్కాను. మా అమ్మ పాయింట్లన్నీ పోయాయి.

వారం తిరక్కుండా బడి వంట వేరేవాళ్ళకిచ్చారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆవిడ పొద్దున వెళ్ళేసరికి పొయ్యి దగ్గర ఇంకొకామె ఉంది, అంతే. మధ్యాహ్నం ఆ వేళకు కాకా అలవాటుగా మా గది నీడలోకి వచ్చి కూర్చునేవాడు. ఫోన్ మోగేది కాదు. వేళ దాటాక లేచి వెళ్ళేవాడు. నేను లోపల ఏసీ కింద చెమటలు కక్కుతూ అదే కాగితానికి రెండుసార్లు నంబరు వేసేవాణ్ణి. నాలుగో రోజు బయటికెళ్ళి ఆయన పక్కనే ఇసకలో కూర్చుని మొత్తం చెప్పేశాను, మా అమ్మ అకౌంటుతో సహా. తిట్టమని మనసులో మొక్కుకున్నాను. ఆయన చాలాసేపు విన్నాడు. చివరికి, "మీ అమ్మ సుత ఏసిందా?" అని అడిగాడు. నవ్వాడో, దగ్గాడో తెలియలేదు.

వేసవి వచ్చింది. కాంట్రాక్టు పొడిగింపు కాగితాలు టైపు చేయడం నా పనే. కట్టలో కాకా పేరు చూసి పొరపాటనుకున్నాను. పిలిచి అడిగితే, "ఇంట్ల దానికి పనిలేకపాయె. ఇగ రెండేండ్లు ఉంట" అన్నాడు, అదేదో బస్సు తప్పిపోయిన సంగతిలా. సంతకం పెట్టాల్సిన చోట్లు నేనే వేలు పెట్టి చూపించాను. మూడు ప్రతులు, మూడు సంతకాలు. పెన్ను తిరిగిస్తూ, "తమ్మీ, గీ రెండేండ్లైనంకనన్న పోతనా ఇంటికి?" అని అడిగాడు.

ఏదో ఒకటి చెప్పాలని పాత అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మూసుకున్నాను. "తెలియదు కాకా" అన్నాను.

ఆయన నా వైపు తేరిపార చూసి, ఈసారి నిజంగానే నవ్వాడు. "గీ మాట నీకు అప్పుడే అచ్చుంటె మంచిగుండు" అని, హెల్మెట్ పెట్టుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ స్కూలు పూర్తయింది. కాకా ఇప్పుడు వేరే సైటులో ఉన్నాడు. నన్ను ముషైరిబ్ ఆఫీసుకు మార్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్రోలో వెళ్ళొస్తుంటాను. ఎవరన్నా ఏదన్నా అడిగితే తెలియదని చెప్పేస్తాను, అందువల్ల ఆఫీసులో నా తెలివి మీద ఎవరికీ పెద్ద గౌరవం లేదు. ఒక్కోసారి అద్దాల్లో నా నీడ చూసుకున్నప్పుడు, చేతిలో మార్కర్ పట్టుకుని ముప్ఫై మంది ముందు రొమ్ము విరుచుకు నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం తెచ్చుకోవాలని చూస్తాను, రాదు. నవ్వే వస్తుంది. వాడు ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నాడో నాకు తెలుసు, ఆ సంతోషం ఖరీదు ఎవరు కట్టారో కూడా తెలుసు. నాకు కచ్చితంగా తెలిసినవాటిలో ఆ రెండూ ఉన్నాయి.